గీజర్ ఎవరు వేస్తారు

నవంబర్ 4

వదినా,

ఆ మధ్య ఫోన్లో మనం మాట్లాడుకున్నదానికంటే ఊరుకున్నదే ఎక్కువ. నువ్వు "ఇంకేంటి" అన్నావు, నేను "ఇంకేముంది" అన్నాను, మళ్ళీ నువ్వు "ఇంకేంటి" అన్నావు. పెట్టేశాక తెలిసింది, ఇన్నేళ్ళూ మన ఫోన్లలో ముగ్గురం మాట్లాడుకునేవాళ్ళమని. నువ్వేదో మొదలుపెట్టగానే వెనకనుంచి అన్నయ్య "అది అలా కాదు, నేను చెబుతా ఉండు" అని అందుకునేవాడు. ఆ వెనక గొంతు ఆగిపోయాక ముందు గొంతులకి కూడా మాట పెగలడం లేదు. అందుకని రాస్తున్నాను. ఉత్తరంలో మధ్యమధ్య ఊరుకున్నా అవతలివాళ్ళకి వినబడదు.

ఆ ఊరుకోవడాల మధ్య నువ్వొక మాట అనేసి దాటేశావు. గీజర్ కాగేదాకా కూర్చుంటే కుర్చీలోనే నిద్రొచ్చేస్తోందని, అందుకని చన్నీళ్ళే పోసుకుంటున్నానని. అప్పటినుంచీ నా మనసులో అదే. పొద్దంతా కోల్డ్ స్టోరేజిలో ఆపిల్ పెట్టెల మధ్య తిరిగే మనిషివి. రెండు జతల గ్లవ్స్ వేసుకున్నా వేళ్ళు కొయ్యబారిపోతాయని నువ్వే చెప్పేదానివి. ఆ వేళ్ళమీద చన్నీళ్ళా? అన్నయ్య పోయాక ఇది మొదటి చలికాలం. ఇంకా ముదరనే లేదు.

అందుకని నీ గీజర్‌కి నేనొక టైమర్ ఎంపిక చేస్తున్నాను. నవ్వకు. చెప్పుల జత కొనడానికి నెల తిరిగిన మనిషినని నాకూ తెలుసు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పడమంటే పిల్లలకి అనుమానించడం నేర్పడమే, మా చెల్లి ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగదు అనేవాడు అన్నయ్య. నాకు 'సందేహం' అని పేరు పెట్టి అందరిచేతా అలాగే పిలిపించాడు కూడా. అయినా ఈసారి త్వరగా తేల్చాలని కూర్చున్నాను. ఫలితం ఏమిటంటే రెండు ఆదివారాలు పోయాయి.

ఇప్పటికి తెలిసింది ఇది. అన్నిటికంటే చౌకది బిళ్ళలా గుండ్రంగా ఉండి చేత్తో తిప్పి పెట్టుకునే టైమర్. కరెంటు పోతే దాని గడియారం అక్కడే ఆగిపోతుందట. అప్పటినుంచి నీ సాయంత్రం వేడినీళ్ళు నువ్వు నిద్రపోయాక కాగుతాయి. ఫోన్‌తో నడిచే చిన్న ప్లగ్గులు చాలా ఉన్నాయి, రంగులు కూడా బావున్నాయి, కానీ అవి టేబుల్ లైటుకి పనికొస్తాయి. గీజర్ లాక్కునే కరెంటుకి కరిగిపోతాయట. ఒకాయన కరిగిన ప్లగ్గు ఫొటో పెట్టి కింద "బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది" అని రాశాడు. మనుషుల తృప్తి గురించి ఒక పాఠం చెప్పొచ్చు దానిమీద. మనకి పదహారు ఆంపియర్లది కావాలి, పెద్ద పిన్నులది.

నాకు చెప్పు: గీజర్‌కి ప్లగ్గుందా, తిన్నగా గోడలోకి వైరు పోయిందా? స్విచ్చు బాత్రూం బయటేనా? నువ్వు ఇంటికి ఎన్నింటికి చేరతావు? నెట్ ఇంకా ఉందా, తీయించేశావా? ట్యాంకు పెద్దదా చిన్నదా? నీళ్ళు ఎక్కువ వేడిగా కావాలా, గోరువెచ్చగానా?

మెడకి మఫ్లర్ చుట్టుకో.

నీ ఆడపడుచు

---

నవంబర్ 11

సందేహం అమ్మగారికి,

నీ ఉత్తరం చదవడానికి కళ్ళద్దాలు, జవాబు రాయడానికి సెలవు కావలసి వచ్చాయి. పరీక్ష పేపరు అనుకున్నాను. ఒక్కో ప్రశ్నకి ఎన్ని మార్కులో వేయలేదు.

ప్లగ్గుంది. పెద్దదే. స్విచ్చు బాత్రూం బయట గోడకి, ఎర్రలైటుతో. నెట్ తీయించలేదు. తీయించాలంటే మీ అన్నయ్య పేరుమీద ఉంది, ఆఫీసుకెళ్ళి ఆయన లేడని చెప్పాలి. మళ్ళీ ఒకసారి చెప్పడమెందుకని కట్టేస్తున్నాను. ట్యాంకు పెద్దదే. వేడి, చెయ్యి పెడితే "అమ్మో" అనేంత.

ఎన్నింటికి చేరతానంటావా, అక్కడే ఉంది గొడవ. ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం. లారీలు ఆలస్యమైతే ఆ రోజు షిఫ్టుకి మొదలే గానీ చివర ఉండదు. నీ టైమర్‌కి ఏ టైము చెబుతావు?

నీకు తెలుసో లేదో, మాకొక పద్ధతి ఉండేది. పని అయ్యి గేటు దాటగానే నేను మీ అన్నయ్యకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. ఆయన ఇంట్లో నక్షాల బల్లమీద వంగి ఎవరిదో ఇల్లు గీస్తూ ఉండేవాడు కదా, ఫోన్ ఒకసారి మోగి ఆగగానే లేచి గీజర్ వేసేవాడు. నేను బస్సెక్కి, దిగి, మెట్లెక్కేసరికి నీళ్ళు రెడీ. ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తితే డబ్బులు అని కాదు, ఎత్తితే మాటల్లో పడి గీజర్ మర్చిపోతానని. పెళ్ళైనప్పటినుంచీ అదే. ఇప్పుడు గేటు దాటాక ఫోన్ చేతిలోకి వస్తుంది, మళ్ళీ సంచిలో పడేస్తాను.

ఎదురింటి టైలరమ్మ జాలిపడి వాళ్ళింట్లో పడున్న రిమోట్ ప్లగ్గు తెచ్చిచ్చింది. చేతిలో బటన్ నొక్కితే వెలుగుతుంది. గోడ అడ్డొస్తే వెలగదు. నొక్కడానికి ఇంట్లో మనిషుండాలి, మనిషే ఉంటే ఇక రిమోట్ ఎందుకమ్మా అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది.

నువ్వు శ్రమపడకు. నీకు సెలవులప్పుడు నాలుగు రోజులు వచ్చి ఉంటే గీజర్ నువ్వే వేద్దువుగాని. ఊరికే అంటున్నాలే. నీకు పేపర్లు దిద్దుకోవడం ఉంటుంది.

వదిన

---

నవంబర్ 20

వదినా,

తేల్చేశాను. పెట్టె ఈ ఉత్తరంతో పాటే బయలుదేరింది, బహుశా దీనికంటే ముందే వస్తుంది.

నీ షిఫ్టుల సంగతి విన్నాక టైమర్ ఒక్కటే చాలదని అర్థమైంది. టైమరూ, రిమోటూ రెండూ కలిసింది కావాలి, ఆ రిమోట్ నీ ఫోనే అయుండాలి. అప్పుడు గోడలు అడ్డు రావు. గేటు దాటి నొక్కావంటే ఇంట్లో గీజర్ వెలుగుతుంది. ఆర్పడం మర్చిపోతే కాసేపయ్యాక అదే ఆరిపోతుంది. నెట్ లేకపోయినా ఒంటిమీద బటన్ ఉంది, చేత్తో నొక్కుకోవచ్చు. ఎంత కరెంటు లాగుతోందో కూడా అంకెల్లో చూపిస్తుంది. ఆ చివరిది మనకెందుకనుకున్నాను గానీ మిగతావన్నీ ఉన్నదాంట్లోనే అది కూడా ఉంది.

ఇంకొకటి దాదాపు కొనబోయాను. దానికి మాటతో చెబితే వినే గుణం ఉంది. "గీజర్ వెయ్యి" అంటే వేస్తుందట. నువ్వు ఖాళీ ఇంట్లో నిలబడి గోడతో మాట్లాడటం ఊహించుకుని వద్దనుకున్నాను. సరిగ్గానే అనుకున్నానా అని ఇప్పుడు మళ్ళీ అనుమానం.

ఇక్కడే నా ఫోన్లో అన్నీ పెట్టి చూశాను. "పరికరం పేరు?" అని అడిగింది. 'వదిన గీజర్' అని రాశాను. "ఇంటి పేరు?" అని అడిగింది. 'అన్నయ్య ఇల్లు' అని రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చెరిపాను. చివరికి 'ఇల్లు' అని ఉంచాను. ఇద్దరిని చేర్చుకోవచ్చట ఆ ఇంట్లో. సెట్టింగుల్లో నీకేదైనా ఇబ్బందైతే చూడొచ్చని నన్ను కూడా చేర్చుకున్నాను. నీకు అభ్యంతరమైతే చెప్పు, తీసేసుకుంటాను.

నాలుగు రోజులు రమ్మన్నావు. ఆలోచించాను. నేనొస్తే ఆ నాలుగు రోజులే కదా నీకు వేడినీళ్ళు. ఇదైతే ఏడాది పొడుగునా ఉంటుంది.

బిగించేటప్పుడు మెయిన్ ఆపమను.

సందేహం

---

డిసెంబర్ 3

సందేహానికి,

పెట్టె అందింది. మా దగ్గర కూలింగ్ మెషిన్లు చూసే మెకానిక్ వచ్చి బిగించాడు. "చలి పుట్టించేవాణ్ణి పిలిచి వేడి పెట్టించుకుంటున్నావేంటక్కా" అని నవ్వాడు.

పనిచేస్తోంది. నీళ్ళు బ్రహ్మాండంగా కాగాయి.

నాలుగు రోజుల లెక్క బావుంది. లెక్క తప్పులేదు.

లారీలు ఎక్కువగా ఉన్నాయి, పొడుగు ఉత్తరం రాయలేను. నువ్వు వేళకి తిను.

వదిన

---

జనవరి 2

వదినా,

నెలయ్యింది నీ ఉత్తరం వచ్చి. మధ్యలో నేను రెండు రాసి పోస్ట్ చేయలేదు. ఒకటి మరీ ఏడుపుగా ఉంది, ఇంకొకటి మరీ తెలివిగా ఉంది.

నీకొకటి చెప్పాలి, ఏమనుకోకు. సాయంత్రం కాలేజీనుంచి వచ్చి, గది తలుపు తీసి, లైటు వేసి, పేపర్ల కట్ట బల్లమీద పడేసి, ఫోన్‌ని కప్పుకి ఆనించి ఎదురుగా పెట్టుకుంటాను. 'ఇల్లు' అని ఉంటుంది. కింద 'వదిన గీజర్'. పక్కన బూడిదరంగు చుక్క. ఏదో ఒక వేళకి అది ఆకుపచ్చగా మారుతుంది. ఓహో, గేటు దాటింది అనుకుంటాను. అప్పుడు లేచి టీ పెట్టుకుంటాను, ఎవరో ఇంటికొస్తుంటే పెట్టినట్టు. చుక్క ఆలస్యమైన రోజున నేనూ ఆలస్యంగా తాగుతాను. మా మేడమీద నాకు తెలిసిన మనుషులు లేరు. కింద వాచ్‌మన్ ఉన్నాడు, నన్ను ప్రొఫెసరమ్మా అంటాడు, నేను నమస్తే అంటాను, అంతటితో ఆ రోజుకి నా మాటలు అయిపోతాయి. కాబట్టి ఈ చుక్క నాకు చిన్న విషయం కాదు.

మరి ఆ చుక్కమీదే ఇప్పుడు ఫిర్యాదు.

మొన్న ఒక సభకి ఊరెళ్ళాను. వెళ్ళే పొద్దున ఇక్కడ నా గీజర్లో నీళ్ళు కాచి, బస్సుకి టైమైపోయి పోసుకోకుండానే పరుగెత్తాను. మర్నాడు సాయంత్రం వచ్చి గీజర్ వేస్తే, టీ మరిగేలోపే ఎర్రలైటు ఆరిపోయింది. పాడైందనుకున్నాను. కుళాయి తిప్పితే పొగలు. నీళ్ళు వాడలేదు కాబట్టి నిన్నటి వేడి లోపలే ఉండిపోయింది, కాస్త ఎగదోస్తే చాలిపోయింది. వాడి ఉంటే ట్యాంకులోకి కొత్త చన్నీళ్ళు వచ్చేవి, అరగంట కాగేవి.

అప్పుడు నీ చుక్క గుర్తొచ్చింది. దాని పక్కన కరెంటు అంకె ఉంటుందని చెప్పానే, మొదట్లో అది అరగంట ఉండేది. తర్వాత ఏ రోజూ లేదు. వెలుగుతుంది, కాసేపటికే అంకె సున్నా అవుతుంది. అంటే నువ్వు గీజర్ వేస్తున్నావు, ఆ నీళ్ళు పోసుకోవడం లేదు.

ఎందుకు వదినా? నేను పంపానని కోపమా? నా కళ్ళకి వేడినీళ్ళు చూపించి నువ్వు చన్నీళ్ళు పోసుకుంటున్నావా? నువ్వు మొండిదానివని అన్నయ్య అనేవాడు, నేనే నీ తరఫున వాదించేదాన్ని.

దయచేసి ఆ నీళ్ళు వాడు.

సందేహం

---

జనవరి 9

ఆడపడుచు గారికి,

నా నీళ్ళు నేను ఎలా పోసుకుంటే నీకేం? కోల్డ్ స్టోరేజిలో ప్రతి గుమ్మానికీ ఒక మీటరుంది, ఏ గదిలో ఎంత చలో సూపర్‌వైజర్‌గా నేనే చూసి చెప్పాలి. ఇప్పుడు నా బాత్రూంకి నువ్వు సూపర్‌వైజరువా?

ఇంటికి రావడానికి కుదరలేదు గానీ గోడకి కన్ను పెట్టడానికి కుదిరింది.

నేను బాగానే ఉన్నాను. వేడినీళ్ళకి లోటు లేదు. నామీద నీ పరిశోధనలు ఆపు, పిల్లలకి పాఠాలు చెప్పుకో.

వదిన

---

జనవరి 15

వదినా,

ఆడపడుచు గారు అన్నావు. అంత పెద్ద మాట నన్ను ఎప్పుడూ అనలేదు నువ్వు.

తప్పే నాది. నువ్వు చూడమనకుండా చూశాను. చుక్క చూసి ఊరుకోవలసింది, అంకె దాకా వెళ్ళాను. నా బుద్ధే అంత, ఏదైనా ఒకటి తెలిస్తే దాని వెనక ఇంకొకటి ఉంటుందనుకుంటాను.

కానీ ఆ బుద్ధే మళ్ళీ నన్ను కూర్చోనివ్వడం లేదు. "వేడినీళ్ళకి లోటు లేదు" అని రాశావు. నువ్వు అబద్ధం రాయవు. ఇంట్లో గీజర్ నీళ్ళు కదలడం లేదు. అయినా నీకు వేడినీళ్ళకి లోటు లేదు. అంటే వేరే ఎక్కడో నీకు నీళ్ళు కాచి పెడుతున్నవాళ్ళు ఉన్నారు.

వదినా, నీ జీవితంలోకి ఎవరైనా వచ్చారా? నాకు చెప్పడానికి మొహమాటపడుతున్నావా? అదే అయితే నాకు సంతోషం. సంతోషం అని రాసి చాలాసేపు ఆ మాటవైపే చూశాను, నిజమేనా అని. ముప్పావు వంతు నిజం. మిగిలిన పావు వంతు ఏమిటంటే, అప్పుడు నేను నిన్ను ఏమని పిలవాలి? వేరే వాళ్ళింటికి వెళ్ళిన మనిషిని వదినా అనొచ్చా? అలాంటిదానికి మన భాషలో మాటుందేమోనని వెతికాను. నాకు దొరకలేదు.

యాప్‌లోంచి నేను తప్పుకుందామని నిన్న నొక్కాను. "ఈ ఇంటినుంచి మిమ్మల్ని తొలగించమంటారా?" అని అడిగింది. అవును, కాదు అని రెండే ఉన్నాయి. ఫోన్ బోర్లాపెట్టి పేపర్లు దిద్దుకున్నాను. నువ్వే తొలగించు. నీకు ఆ అధికారం ఉంది.

సందేహం

---

జనవరి 23

సందేహం,

ముందు పెళ్ళి సంగతి. నీ ఉత్తరంలో ఆ ముక్క లేబుళ్ళావిడకి చదివి వినిపిస్తే ఆవిడకి టీ పొలమారింది. "నువ్వా? నీకా? ఆ గురకకా?" అని ఇంకా నవ్వుతోంది. ఆపిల్ పెట్టెలకి లేబుళ్ళంటించే ఆవిడ, నీకు ఎప్పుడో చెప్పాను. నా గురక ఆవిడకెలా తెలుసంటావు కదా? నీ బుర్ర ఇప్పటికే అక్కడికి చేరుకునుంటుంది. చెప్పేస్తాను.

నేను ఇంట్లో ఉండటం లేదు. డిసెంబర్ మొదట్లోనే వచ్చేశాను. కోల్డ్ స్టోరేజి ఆవరణలోనే పనివాళ్ళకి గదులున్నాయి, ఆవిడ గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. నీళ్ళు పొయ్యిమీద కాస్తుంది. నీ ఉత్తరాలు టైలరమ్మ తీసిపెడితే ఆదివారం వెళ్ళి తెచ్చుకుంటున్నాను.

నీ పెట్టె తప్పు కాదు. అది మరీ బాగా పనిచేసింది, అదీ బాధ.

బిగించిన రోజు పనయ్యి గేటు దాటి ఫోన్ తీశాను. వేలు అలవాటుగా మీ అన్నయ్య నంబరు మీదకే పోయింది. దాన్ని దాటించి నీ గీజర్ నొక్కాను. బస్సు దిగి, మెట్లెక్కి, తాళం తీసేసరికి చీకటింట్లో ఎర్రలైటు. ఎప్పుడూ ఉన్నట్టే. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పితే ఆవిరి. చేతులు నీళ్ళల్లో పెట్టాను, వేళ్ళు ఒక్కొక్కటీ నావి అయ్యాయి. హాయిగా పోసుకున్నాను. పోసుకుంటూ "ఏమండీ, తువ్వాలు" అన్నాను. ఏడుస్తూ కాదు, మామూలుగా, కాస్త విసుగ్గా కూడా, ఎప్పుడూ అన్నట్టే. ఎర్రలైటు వెలిగితే ఆయన ఇంట్లో ఉన్నట్టే కదా ఇన్నేళ్ళూ. జవాబు రాకపోవడం కాదు నన్ను కుంగదీసింది. జవాబు కోసం ఆగాను చూడు, అది. తలుపు కొంచెం తీసి, చెయ్యి బయటపెట్టి ఆగాను.

రెండో రోజు అనకూడదని నోరు బిగపట్టుకుని పోసుకున్నాను. మూడో రోజు ఇంటికి రాలేదు.

చన్నీళ్ళప్పుడు ఈ బాధ లేదు. చన్నీళ్ళు పోసుకునే మనిషికి ఇంట్లో ఎవరూ లేరని ఒంటికే తెలుస్తూ ఉంటుంది.

ఇది నీకెలా రాయను? రెండు ఆదివారాలు కూర్చుని ఎంపిక చేశావు. మరి రోజూ గీజర్ ఎందుకు వేశానంటే, నువ్వు చూస్తావని. యాప్‌లో నిన్ను చేర్చుకున్నానన్నావు, చేరాక చూడకుండా ఉండే మనిషివి కావు. ఒక్కరోజు వేయకపోతే కంగారుపడి ఫోన్ చేస్తావు, మళ్ళీ ఇంకేంటి, ఇంకేముంది. అందుకని పనవ్వగానే గేటు దాటి బయటికి వెళ్ళేదాన్ని, నొక్కేదాన్ని, మళ్ళీ గేట్లోంచి వెనక్కి వచ్చి గదికి పోయేదాన్ని. లోపలినుంచి నొక్కినా వెలుగుతుందని తెలుసు. బయటికెళ్ళి నొక్కడమే అలవాటు. గేటు దగ్గర కూర్చునే ఆయన నాకేదో మొక్కుందనుకుంటున్నాడు.

ఆ తర్వాత నువ్వు టీ సంగతి రాశావు. ఇక మానలేకపోయాను. నేను నొక్కకపోతే నీకు టీ ఉండదు.

ఖాళీ ఇంట్లో గీజర్ వెలగడం, దూరంగా ఎక్కడో ఒక మనిషి అది చూసి టీ పెట్టుకోవడం, మీ అన్నయ్య వింటే కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాడు.

అసలు భయం రాస్తాను. ఇల్లు అద్దెది. ఖాళీ చేసేద్దామని ఎప్పటినుంచో ఉంది. చేస్తే ఆ ఇంట్లో గీజర్ ఉండదు. గీజర్ లేకపోతే నువ్వు సాయంత్రం ఇటు చూడటానికి ఏముంటుంది? నిన్ను నాకు ఇచ్చిన మనిషి పోయాడు. ఆయన ఇల్లు కూడా పోతే నేను నీకు ఏ వరస? నువ్వు అడిగింది కూడా ఇదే అనుకుంటాను, పెళ్ళి అని చుట్టు తిప్పి అడిగావు. ఈ భయంతోనే కోపంగా రాశాను ముందు ఉత్తరం. ఆడపడుచు గారు అన్నందుకు చెంపలేసుకున్నాను.

నిన్ను తొలగించను. ఆ బటన్ ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

వదిన

---

జనవరి 29

వదినా,

నీ ఉత్తరం కాలేజీలో అందింది. స్టాఫ్ రూంలో అందరూ ఉన్నారు. లైబ్రరీలో ఎవరూ వెళ్ళని మూలకి వెళ్ళి చదివాను. తలుపులోంచి బయటికి చాచిన నీ చెయ్యి దగ్గర ఆగిపోయాను. మిగతాది ఇంటికొచ్చి చదివాను.

నవంబర్‌లో నువ్వు రమ్మన్నావు. నేను ఒక పెట్టె పంపి, అది ఏడాదంతా ఉంటుందని లెక్క చెప్పాను. నువ్వు అడిగింది వేడినీళ్ళు కాదని ఇన్ని పుస్తకాలు చదివినదానికి తెలియలేదు. నువ్వు మాత్రం "లెక్క తప్పులేదు" అని రాసి ఊరుకున్నావు. ఉత్తరంలో ఊరుకుంటే వినబడదని నేనే రాశాను కదా. తప్పు. ఇప్పుడు మళ్ళీ తీసి చూస్తే నీ డిసెంబర్ ఉత్తరం నిండా అదే వినబడుతోంది.

ఇల్లు ఖాళీ చెయ్యి. రెండో శనివారం వస్తున్నాను. వస్తానేమో కాదు, వస్తున్నాను. టికెట్ తీసుకున్నాను (తేదీ సరిగ్గానే ఉందా అని రెండుసార్లు చూసుకున్నాను, ఆ మాత్రం ఉండనీ). ఇద్దరం కలిసి సర్దుదాం. నక్షాల బల్ల మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. నువ్వు ఎక్కడికెళితే అక్కడికి అది. నీకు అడ్డమైతే నేను తెచ్చుకుంటాను, నా గదిలో మంచం జరిపితే పడుతుంది.

వరస సంగతి. నాకు సమాధానం ఉందని చెప్పను, ఈ మధ్య నా సమాధానాలమీద నాకే నమ్మకం లేదు. ఒకటి మాత్రం అనిపించింది. ఆ పెట్టె చేసిన తప్పేమిటంటే, గీజర్ తనంతట తానే వెలిగినట్టుంది. ఎవరు వేశారో తెలియనప్పుడు నీ మనసు ఎప్పుడూ వేసే మనిషినే వెతుక్కుంది. నువ్వే నొక్కినా అంతే. నిన్ను నువ్వు ఇంటికి పిలుచుకున్నట్టు ఉండదు కదా, ఎవరో పిలిచినట్టే ఉంటుంది.

నీకొక చిన్న గది చూద్దాం, అందులో దాన్ని మళ్ళీ బిగించుకుందాం. కానీ నువ్వు నొక్కొద్దు. నీ ఫోన్లోంచి తీసేద్దాం. గేటు దాటగానే నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. నేను ఇక్కడినుంచి వేస్తాను. పాఠం చెబుతున్నా సరే, బస్సులో ఉన్నా సరే. పిల్లలకి చెప్పేస్తాను, మా వదిన బయలుదేరింది, ఒక్క నిమిషం అని. నువ్వు వెళ్ళేసరికి ఎర్రలైటు ఉంటుంది, అది వేసింది సందేహం అని నీకు తెలుస్తుంది. తువ్వాలు అందించలేను. అది నువ్వే ముందుగా తీసుకెళ్ళాలి.

ఈ మాట రాస్తుంటే కూడా, ఇది అన్నయ్య స్థానంలో నేను దూరడం అవుతుందేమోనని అనుమానం. అలా అనిపిస్తే వద్దను. నేను ఊరికే కూడా అటు చూస్తాను, వదినా. చూడటానికి ఏమీ లేకపోయినా.

శనివారం బస్టాండుకి రాకు, చలి.

సందేహం

---

ఫిబ్రవరి 20

సందేహానికి,

నువ్వు వెళ్ళాక మనం తీసుకున్న ఈ గది పెద్దదైంది. ఒక్క మంచం, ఒక్క పొయ్యి, కిటికీ కింద మీ అన్నయ్య బల్ల. దానిమీద కూరగాయలు తరిగాను నిన్న, ఆయన ఉంటే ఇల్లెగిరిపోయేది. కింద సైకిళ్ళ షాపు, పొద్దున్నే బెల్లులన్నీ మోగించి చూసుకుంటాడు. టైలరమ్మ వచ్చి గది చూసి, "ఇంత చిన్నదాంట్లో ఆ రిమోట్ పనిచేసేది, అనవసరంగా వెనక్కిచ్చావు" అంది.

మన మెకానిక్ నిన్న మధ్యాహ్నం ఈ గది గీజర్‌కి నీ పెట్టె బిగించాడు. నా ఫోన్లోంచి తీసేయమంటే, "వేరే ఊళ్ళో ఉన్నావిడ నీ గీజర్ వేస్తుందా?" అని నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. అవును, ఆవిడే వేస్తుంది అన్నాను.

ఇవాళ సాయంత్రం పనయ్యింది. గేటు దాటాను. ఈసారి వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళనవసరం లేదు. గేటాయన "మొక్కు తీరిందా అమ్మా" అన్నాడు. ఫోన్ తీసి నీకు మిస్డ్ కాల్ ఇచ్చాను. ఒక్కసారి మోగిందో లేదో, నువ్వు ఎత్తేశావు!

ఎత్తకూడదే పిచ్చిదానా. అన్ని చదువులు చదివావు, మిస్డ్ కాల్ ఎత్తకూడదని తెలియదా? "వదినా, బయలుదేరావా" అన్నావు. ఆ అనడం ఎలా అన్నావంటే నేను ఫోన్ పెట్టలేకపోయాను. బస్సు వచ్చింది, ఎక్కాను, నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, నేనూ మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడామో నాకొక్కటీ గుర్తులేదు. మీ వాచ్‌మన్ కూతురి దగ్గు గురించి ఏదో చెప్పావు. "ఇంకేంటి" అని మాత్రం ఇద్దరం అనలేదు. అది మెట్లెక్కాక గుర్తొచ్చింది.

తాళం తీశాను. ఎర్రలైటు లేదు.

మాటల్లో పడి గీజర్ వేయడం మర్చిపోయావు. మీ అన్నయ్య ఎందుకు ఎత్తేవాడు కాదో ఇప్పటికైనా అర్థమైందా? చన్నీళ్ళతో చేతులు కడుక్కుని, దుప్పటి కప్పుకుని ఇది రాస్తున్నాను. వేళ్ళు వంకర్లు పోతున్నాయి, రాత చూస్తే నీకే తెలుస్తుంది.

రేపటినుంచి ఒక పద్ధతి. ఎత్తాలనిపిస్తే ఎత్తు, వద్దనను. ముందు గీజర్ వేసి, అప్పుడు ఎత్తు.

వదిన